చెయ్యెత్తిన దొంగ

లైట్లు లేవు!

ముందు వెళ్తున్న కారుకు ఒక్క లైటు కూడా వెలగడం లేదు. వానలో, చీకట్లో, మౌంట్ పిట్ కొండ దారి మీద ఎనభై స్పీడులో దూసుకుపోతోంది.

నార్ఫోక్ దీవిలో ఎవరూ ఎనభైలో పోరు. పోదామన్నా అంత దీవి లేదు.

హెప్సీ యాక్సిలరేటర్ తొక్కుతోంది. పందొమ్మిదేళ్ల పికప్ బండి మూలుగుతోంది తప్ప వేగం అందుకోవడం లేదు. వైపర్ ఒకటి పనిచేస్తుంది, ఒకటి చెయ్యదు. పనిచేసేది ఆమె వైపుది కాదు.

తల పక్కకి వంచి నడుపుతోంది.

ఆ కారులో నీలం ప్లాస్టిక్ పెట్టె ఉంది. పెట్టెలో తడిగుడ్డ. తడిగుడ్డ కింద పదకొండు నత్తలు.

పదకొండే!

లోకం మొత్తం మీద ఆ జాతివి అవే మిగిలాయి. ఈ దీవిలో తప్ప ఇంకెక్కడా పుట్టని నత్తలు. కోటు బొత్తాం అంత ఉంటాయి. ఎలుకలు తిన్నవి తినగా, అడవి కోళ్లు పొడిచినవి పొడవగా, మొన్నటి ఎండలకు ఎండినవి ఎండగా, హెప్సీ కొండంతా పాకి ఏరుకొచ్చినవి పదకొండు. ఆరేళ్లుగా షెడ్డులో పెట్టి పామ్ ఆకులు వేసి సాకుతోంది. ఊరంతా ఆమెను నత్తమ్మ అంటారు. టెలిఫోన్ డైరెక్టరీలో కూడా అలాగే అచ్చేశారు.

వాన పడితే అవి బయటికొచ్చి మేస్తాయి. అందుకే ఇవాళ రాత్రి ఎనిమిదిన్నరకి చూడ్డానికి వెళ్లింది. షెడ్డు తలుపు తీసి ఉంది. బల్ల మీద పెట్టె లేదు. కింద రోడ్డు మీద ఇంజను స్టార్టయిన చప్పుడు...

అంతే. అప్పట్నుంచీ తరుముతోంది.

మలుపు.

ఇంకో మలుపు.

ఆవులు!

రోడ్డు నిండా ఆవులు. వానలో నింపాదిగా నిలబడి ఉన్నాయి. నార్ఫోక్‌లో రోడ్డు ముందు ఆవులది, తర్వాతే మనుషులది. ముందున్న కారు బ్రేకులు కీచుమన్నాయి. జారింది. గిర్రున తిరిగింది. ఇటు మొహం పెట్టింది.

ఇప్పుడు అది ఆమె మీదికే వస్తోంది!

బండిన్నర పట్టే దారి అది. ఒకవైపు గట్టు, ఒకవైపు లోయ. హెప్సీ స్టీరింగ్ గట్టు వైపు తిప్పేసింది. ఆమె హెడ్‌లైట్లు ఆ కారు అద్దం మీద పడ్డాయి. తెల్ల కారు. మూలన అద్దె కంపెనీ స్టిక్కర్. లోపల రెయిన్‌కోటు టోపీ, దాని కింద నల్లటి నీడ. స్టీరింగ్ మీద ఒక చెయ్యి.

ఆ చేతి వేలు లేచింది.

హెప్సీ వేలు కూడా లేచింది.

ధన్!

ఆ కారు పక్క అద్దం ఎగిరిపోయింది. కారు రాసుకుంటూ వెళ్లిపోయింది. హెప్సీ బండి తిప్పేసరికి చుట్టూ ఆవులు మూగాయి. హారన్ కొట్టింది. ఒక ఆవు ఆమె వైపు చూసి మళ్లీ నెమరు వెయ్యడం మొదలుపెట్టింది.

పది నిమిషాలు పోయాయి. కారు పోయింది. పదకొండూ పోయాయి.

స్టీరింగ్ మీద తల పెట్టుకుని హెప్సీ ఏడ్చింది. ఏడుస్తూనే ఫోన్ తీసింది.

* * *

దీవిలో తెల్ల అద్దె కార్లు నాలుగే ఉన్నాయి. గంట తిరక్కుండానే సార్జెంట్ డ్రిస్కల్ పక్క అద్దం విరిగిన కారు పట్టేశాడు. బాల్ బే పైనున్న గెస్ట్‌హౌస్ ముందు ఉంది. బానెట్ ఇంకా వెచ్చగా ఉంది.

అద్దెకు తీసుకున్న మనిషి పేరు ఫెన్‌విక్. రిటైరైన లెక్కల మాస్టారు. గవ్వలూ శంఖాలూ పోగేసే పిచ్చి. వచ్చిన వారంలో మూడుసార్లు షెడ్డుకొచ్చి, నత్తల పెట్టె మీద మొహం పెట్టి, అరగంట చొప్పున ఊపిరి బిగబట్టి చూసి వెళ్లాడు.

ఇంకేం కావాలి?

డాక్టర్ మార్గో కూడా వచ్చింది. నత్తల ప్రాజెక్టుకి ఆవిడే పెద్ద. ఇంటర్‌తో ఆపేసిన హెప్సీని పిలిచి ఉద్యోగం ఇచ్చింది, లెన్స్ పట్టుకోవడం నేర్పింది, పరిశోధన పేపర్లో తన పేరు పక్కన హెప్సీ పేరు వేయించింది. ఇప్పుడు వానలో తడుస్తూ వచ్చి హెప్సీని పట్టుకుని ఏడ్చింది. తర్వాత ఫెన్‌విక్‌ని చూపించి, ఇలాంటి నత్తల కోసం ఇల్లు అమ్ముకునే పిచ్చివాళ్లు విదేశాల్లో ఉన్నారనీ, వీడు వాళ్ల మనిషేననీ సార్జెంటుతో చెప్పింది.

పైజమాలో ఉన్న ఫెన్‌విక్ వణికిపోయాడు. ఏడింటికే పడుకున్నానన్నాడు. తాళం కారులోనే వదిలేశానన్నాడు. ఇక్కడ ఎవరూ బండిలోంచి తాళం తియ్యరని గెస్ట్‌హౌస్ వాళ్లే చెప్పారట.

అది నిజమే. దీవిలో ఏ బండి తాళం ఆ బండికే ఉంటుంది. ఎత్తుకుపోయినా ఎక్కడికి పోతాడు?

గది వెతికారు. అన్నీ సముద్రపు గవ్వలే. పెట్టె లేదు, తడిగుడ్డ లేదు.

ఫెన్‌విక్ ఇంకో మాట కూడా అన్నాడు. నిన్న టాంకులో సగమే పెట్రోల్ ఉందట, ఇప్పుడు ముల్లు నిండుగా చూపిస్తోందట. సార్జెంట్ పట్టించుకోలేదు. హెప్సీకి మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

దొంగతనానికి తీసుకెళ్లిన కారులో పెట్రోల్ పోసి పెట్టే దొంగ ఎవడు?

రేపు మధ్యాహ్నం రెండింటికి విమానం ఉంది. మళ్లీ మూడు రోజుల దాకా లేదు. దాన్లో ఎవరెవరు పోతున్నారో చూసుకుంటే చాలు, నత్తలు దొరికిపోతాయని సార్జెంట్ ధైర్యం చెప్పాడు. మార్గో గారిది కూడా అదే విమానం. మీటింగ్ ఉందట. మానేస్తానంది ఆవిడ. వద్దన్నాడు సార్జెంట్.

హెప్సీ ఆ రాత్రి ఖాళీ షెడ్డులో కూర్చుని తెల్లవార్చింది.

* * *

పొద్దున్నే ఫెన్‌విక్‌ని స్టేషన్‌కి తీసుకెళ్తున్నారు. జీపు సార్జెంట్ నడుపుతున్నాడు. హెప్సీ పక్కన, ఫెన్‌విక్ వెనక.

ఎదురుగా పాల వ్యాన్ వచ్చింది. వ్యాన్ మనిషి వేలెత్తాడు. హెప్సీ వేలు లేచింది.

తర్వాత స్కూల్ బస్సు. మళ్లీ వేలు.

ఫెన్‌విక్ నెమ్మదిగా అడిగాడు. "వాళ్లంతా మీ చుట్టాలా?"

"కాదు."

"మరి చెయ్యెత్తారు?"

"ఇక్కడ అంతేనండీ. ఎదురు బండి కనిపిస్తే ఎత్తుతాం."

"నాకూ చెప్పారు. ఎప్పుడూ మర్చిపోతాను. అందుకే అందరూ నన్ను గుర్రుగా చూస్తారనుకుంటా."

హెప్సీ నవ్వబోయింది.

నవ్వు గొంతులోనే ఆగిపోయింది!

రాత్రి... ఆ కారు... అద్దం మీద వెలుతురు... స్టీరింగ్ మీద చెయ్యి...

వాడు వేలెత్తాడు!

దొంగసొత్తు పక్కన పెట్టుకుని, లైట్లు ఆర్పి, ప్రాణం అరచేతిలో పెట్టుకుని పారిపోతూ... ఎదురుగా బండి రాగానే వేలెత్తాడు! ఎత్తాలని ఎత్తలేదు. దానంతటది లేచింది.

టూరిస్టులు మర్చిపోతారు. గుర్తున్నవాళ్లు సంబరంగా అరచెయ్యి మొత్తం ఊపుతారు. తెలియకుండా వేలు లేవాలంటే ఇక్కడే పుట్టాలి. నాన్న ఒళ్లో కూర్చుని స్టీరింగ్ పట్టుకున్న వయసు నుంచీ ఎత్తుతూ ఉండాలి.

దొంగ బయటివాడు కాదు. మనవాడే!

సార్జెంటుకి చెప్పింది. ఆయన నవ్వాడు. సముద్రం అవతలి మెయిన్‌లాండ్ నుంచి వచ్చి రెండేళ్లయింది ఆయనకి, ఇప్పటికీ చెయ్యెత్తే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. "జడ్జి గారి ముందు నిలబడి, అయ్యా దొంగ నమస్కారం పెట్టాడు అని చెప్పమంటావా హెప్సీ?"

హెప్సీ జీపు ఆపించింది. దిగిపోయింది.

* * *

బర్న్ట్ పైన్ బజారు. నాలుగు దారులు కలిసే చోటు. దీవిలో ఏ బండయినా పొద్దున్న ఒక్కసారైనా ఇటు రావాల్సిందే.

హెప్సీ తన పికప్ అక్కడ పెట్టుకుని కూర్చుంది. ఎదురొచ్చే ప్రతి బండికీ వేలెత్తుతోంది. ప్రతి చేతినీ చూస్తోంది.

రాత్రి చూసిన వేలులో ఏదో తేడా ఉంది. ఏంటది? వానలో, అర సెకను చూసిన వేలు. కళ్లు మూసుకుంటే కనిపిస్తోంది, తెరిస్తే జారిపోతోంది.

బేకరీ ఆవిడ వచ్చింది. చూపుడు వేలు.

పాస్టర్ గారు. రెండు వేళ్లు, దీవించినట్టు.

సైన్సు టీచరు. చూపుడు వేలు. ఆయన కారు వెనక సీట్లో నీలం పెట్టె!

హెప్సీ తలుపు తోసుకుని దిగేసింది. అడ్డం వెళ్లి ఆపింది. పెట్టెలో చేపలున్నాయి. ఆయన తెల్లబోయి చూశాడు. ఆరో తరగతిలో ఆమెకు నత్తల పాఠం చెప్పింది ఆయనే.

తల దించుకుని వచ్చి కూర్చుంది. చెంపలు మండుతున్నాయి.

వార్త అప్పటికే దీవంతా తిరిగొచ్చింది. లారీ ఆపి ఒకడు, "నత్తమ్మా, నీ నత్తలు పరిగెత్తి పారిపోయాయటగా" అన్నాడు. ఇంకొకావిడ, ఇవాళ హోటల్లో సముద్రపు నత్తలు కూరిన రొట్టె చేశారు, దాంట్లో వెతికావా అని అడిగింది. నవ్వింది హెప్సీ. నవ్వుతూనే వాళ్ల చేతుల వైపు చూసింది.

వీడా?

ఈవిడా?

పుట్టినప్పటి నుంచీ తెలిసిన మొహాలు. అమ్మ పోయినప్పుడు వంతులేసుకుని ఇంటికి గిన్నెలు పంపిన చేతులు. ఆ చేతుల్నే ఇప్పుడు దొంగ చేతుల్లా చూస్తోంది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చూపు తిప్పుకోలేదు. పదకొండు ప్రాణాలకి ఇంకో దిక్కు లేదు.

పది. పదకొండు. టైము పన్నెండు కావస్తోంది.

చూపుడు వేలు. చూపుడు వేలు. రెండు వేళ్లు. అరచెయ్యి, టూరిస్టు. చూపుడు వేలు.

పాత ఆకుపచ్చ ట్రక్కు వచ్చింది.

పార్కిన్ మామయ్య. అమ్మ తమ్ముడు. అమ్మ పోయాక ఆమెను పెంచినవాడు. వేళ్ల మధ్య ఎప్పటిలాగే చుట్టుకున్న సిగరెట్టు. సిగరెట్టు ఉంది కాబట్టి ఆ వేళ్లు లేవవు. స్టీరింగ్ మీద నుంచి లేచేది ఒక్కటే...

చిటికెన వేలు!

హెప్సీ చెయ్యి లేవలేదు.

రాత్రి లేచిందీ చిటికెన వేలే.

ట్రక్కు కాస్కేడ్ లోయ వైపు తిరిగి వెళ్లిపోయింది. మామయ్య అద్దంలో ఆమెనే చూస్తున్నాడు. చెయ్యెత్తలేదని గమనించాడు. ఈ దీవిలో చెయ్యెత్తకపోవడమంటే మొహం మీద ఉమ్మినట్టు.

మామయ్యా? వారం వారం షెడ్డుకి పామ్ ఆకులు కోసి తెచ్చిపెట్టే మామయ్యా? ఎందుకు? ఎవరికమ్మాడు?

సార్జెంటుకి ఫోన్ చెయ్యాలి. వేలు నంబరు మీదికెళ్లి ఆగిపోయింది. మామయ్యని జైల్లో పెట్టించే ఫోన్ అది. చెయ్యలేకపోయింది.

మార్గో గారికి చేసింది.

మొత్తం చెప్పింది. ఏడుస్తూ చెప్పింది.

మార్గో అడిగిన మొదటి మాట, "పెట్టె తెరిచి చూశాడా?"

"తెలీదు డాక్టర్ గారూ."

మార్గో గొంతు మెత్తబడింది. పోలీసులకి చెప్పొద్దంది. ఇంటి మనిషి పరువు పోకూడదంది. నువ్వెళ్లి మాట్లాడుతూ ఉండు, నేనొక్కదాన్నే వస్తానంది.

ఎంత మంచి మనిషి అనుకుంది హెప్సీ. బండి స్టార్ట్ చేసింది.

* * *

కాస్కేడ్ లోయ. మామయ్య పామ్ తోట. ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ.

దారి అక్కడితో అయిపోతుంది. రెండువైపులా చెట్లు, ఒక బండి పట్టేంత సందు. ట్రక్కు వెనకే పికప్ ఆపి హెప్సీ దిగింది.

మామయ్య చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. పక్కన నీలం పెట్టె. చెట్టుకి ఆనించి అడవి కోళ్లని కొట్టే తుపాకీ.

దాచలేదు. పారిపోలేదు.

"వచ్చావా. ముందు వాటిని చూసుకో. తిట్లు తర్వాత."

హెప్సీ మోకాళ్ల మీద పడి మూత తీసింది. తడిగుడ్డ ఎత్తింది. ప్రతి చిప్ప మీదా అతికించిన చిన్న నంబరు. ఒకటి, రెండు, మూడు... పదకొండు. అన్నీ ఉన్నాయి. అన్నీ బతికే ఉన్నాయి. ఊపిరి తిరిగొచ్చింది. ఊపిరితో పాటే కోపమూ వచ్చింది.

"ఎందుకు చేశావు మామయ్యా?"

"లెక్క సరిపోయిందా?"

"సరిపోయింది."

"నంబర్లు చూశావు. నత్తల్ని చూడు. తిప్పి చూడు."

అర్థం కాలేదు. ఒకటో నంబరుని వేళ్లతో తీసి వెల్లకిలా తిప్పింది. చిప్ప అడుగున నడిమధ్యలో చిన్న గుంట, బొడ్డు లాంటిది. ఉంది. ఈ జాతికి అదే గుర్తు.

రెండు. ఉంది.

మూడు...

లేదు!

నున్నగా ఉంది. బొడ్డు లేదు. ఇది కొండ నత్త కాదు. ఎప్పుడో ఓడలో సరుకులతో పాటు వచ్చిన పెరటి నత్త. ఏ గోడ మీద చూసినా కనిపించేది. దాని వీపు మీద మూడో నంబరు!

నాలుగు తిప్పింది. ఐదు తిప్పింది. పదకొండూ తిప్పేసింది.

అసలువి ఆరు. ఐదు దొంగవి.

"ఎవరు?" అంది. అడగకముందే తెలిసిపోయింది.

మామయ్య సిగరెట్టు చుట్టుకుంటూ చెప్పాడు. పది రోజుల కిందట ఆకులు తెచ్చినప్పుడు కిటికీలోంచి చూశాడట. డాక్టరమ్మ పెరటి నత్త మీద జిగురుతో నంబరు అతికిస్తోంది. అడిగితే, పరీక్ష కోసం అంది. నవ్వింది. అప్పట్నుంచీ ఆయనకి నిద్ర లేదు. ఇవాళ ఆవిడ విమానం ఎక్కుతోంది. మిగతావి కూడా మార్చేసి పట్టుకుపోయేలోపు పెట్టె తప్పించాలనుకున్నాడు. తన ట్రక్కు చప్పుడు దీవిలో కుక్కలకి కూడా తెలుసు. అందుకే తాళం ఉన్న ఆ మాస్టారి కారు తీశాడు.

"పాపం, ఆయన్ని ఇరికించాను. అది తప్పే. డబ్బాతో పెట్రోల్ పోసి పెట్టానులే."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే ఏం చేసేదానివి? తిన్నగా ఆవిడ దగ్గరికే పోయి అడిగేదానివి. నీకు ఆవిడ దేవత. రాత్రి నువ్వు పట్టుకున్నా పెట్టె ఆవిడ చేతిలోనే పెట్టేదానివి. అందుకే ఆగలేదు."

రోజూ రాత్రి లైటు పట్టుకుని ఈ పెట్టె చూసింది. నంబర్లు చదువుకుంది, సరిపోయాయనుకుంది, మూత పెట్టింది. ఆరేళ్లు కన్నబిడ్డల్లా సాకి, చివరికి వీపు మీద కాగితం చదువుతూ కూర్చుంది.

మామయ్య ఆమె మొహం చూశాడు. "చెప్పేశావా?"

"ఫోన్ చేశాను. వస్తానంది. ఒక్కతే వస్తానంది."

పైన దారిలో ఇంజను చప్పుడు.

ఇద్దరూ తలెత్తారు.

పోలీసు జీపు!

* * *

జీపు వచ్చి పికప్ వెనకే ఆగింది. మామయ్య ట్రక్కు, హెప్సీ పికప్, వెనక దారి మూసేసి జీపు. సార్జెంట్ డ్రిస్కల్ దిగాడు. పక్క సీట్లోంచి మార్గో దిగింది. వెనక సీట్లో ఆవిడ సూట్‌కేసు, దాని మీద గుడ్డ సంచి. తిన్నగా ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోయేలా సర్దుకునే వచ్చింది.

ఒక్కతే వస్తానంది...

"పార్కిన్, తుపాకీకి దూరంగా జరుగు," అన్నాడు సార్జెంట్.

మామయ్య చేతులెత్తి పది అడుగులు పక్కకి నడిచాడు. సార్జెంట్ సంకెళ్లు వేశాడు. హెప్సీయే అంతా చెప్పిందని డాక్టర్ గారు చెప్పారు, సాక్ష్యం కూడా ఆమెదే, పెట్టె కూడా ఇక్కడే ఉంది, ఇక వేరే ఏం కావాలన్నాడు.

సాక్ష్యం ఆమెదే!

పెట్టె ఎత్తి సార్జెంట్ ముందు పెట్టింది. గబగబా చెప్పింది. బొడ్డు ఉన్నది అసలుది, లేనిది దొంగది, ఐదు మార్చేశారు, మార్చింది ఈవిడ. ఒకటీ మూడూ పక్కపక్కన తిప్పి చూపించింది.

సార్జెంట్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నాకు రెండూ నత్తలేనమ్మా."

మార్గో చిరునవ్వు నవ్వింది. జాలిగా నవ్వింది. రాత్రంతా పెట్టెలో కుదుపులకి బెదిరిపోయాయనీ, భయపడితే ఆ గుంట మూసుకుపోతుందనీ, ఇవన్నీ పుస్తకాల్లో ఉన్న సంగతులేననీ సార్జెంటుకి వివరించింది.

అబద్ధం! పచ్చి అబద్ధం! చిప్ప ఎక్కడైనా భయపడుతుందా?

కానీ సార్జెంట్ తలూపాడు. డాక్టర్ చెప్పిందిగా.

"ఇక ఇవి ఇక్కడ ఉంటే బతకవు. మెయిన్‌లాండ్ ల్యాబుకి నాతో తీసుకెళ్తాను. పర్మిట్ కూడా ఉంది," అంది మార్గో. "ఇవి లేకుండా నేను విమానం ఎక్కను సార్జెంట్."

అప్పుడు అర్థమైంది హెప్సీకి. మిగిలిన ఆరు కూడా! దర్జాగా, పోలీసు జీపులో, పర్మిట్ చూపించి! ఇంకో గంటలో ఈ దీవిలో ఆ జాతి అన్నదే ఉండదు. మామయ్య జైల్లో ఉంటాడు. దొంగతనానికి సాక్షి హెప్సీ.

టైము ఒంటిగంటా పది.

సార్జెంట్ మామయ్య భుజం పట్టుకుని జీపు వైపు నడిపిస్తున్నాడు. మార్గో పెట్టె కోసం వంగింది.

హెప్సీని ఎవరూ చూడ్డం లేదు. నత్తమ్మని చూసి ఎవరు భయపడతారు?

మూడడుగులు వేసింది. చెట్టుకున్న తుపాకీ తీసింది. పదకొండేళ్లప్పుడు మామయ్య నేర్పిన పని. భుజానికి ఆనించింది.

"హెప్సీ!"

ఢాం!

లోయంతా మోగింది. పామ్ చెట్ల మీంచి పిట్టలన్నీ లేచిపోయాయి. మార్గో కెవ్వుమని పెట్టె వదిలి వెనక్కి పడింది.

ఆమెకి తగల్లేదు. ఎవరికీ తగల్లేదు.

జీపు ముందు టైరు బుస్సుమంటూ కూలబడింది.

సార్జెంట్ చెయ్యి నడుము దగ్గరికెళ్లింది. గొంతు మాత్రం పెంచలేదు. "తుపాకీ కింద పెట్టు. ఇప్పటిదాకా పోయిందేం లేదు. కింద పెట్టు." తర్వాత, హెప్సీ మీంచి చూపు తిప్పకుండానే మార్గోతో అన్నాడు. "కంగారు పడకండి డాక్టర్ గారూ. స్టెప్నీ ఉంది. పావుగంటలో మార్చేస్తాను."

స్టెప్నీ!

హెప్సీ దాని గురించి ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది.

ఢాం!

వెనక టైరు కూడా కూలబడింది.

అప్పుడు తుపాకీ గడ్డిలో పెట్టి రెండు చేతులూ పైకెత్తింది. పెట్టెకి అడ్డంగా నిలబడింది. సార్జెంట్ రెండంగల్లో వచ్చి తుపాకీని తన్నేశాడు.

టైరులోంచి గాలి పోతున్న చప్పుడు...

మార్గో లేచింది. మోకాళ్ల మట్టి దులుపుకోలేదు. పెట్టె వైపు చూడలేదు. వాచీ చూసుకుంది. జీపు తలుపు తీసి, సూట్‌కేసు అక్కడే వదిలేసి, గుడ్డ సంచి మాత్రం తీసుకుంది. రెండు చేతులతో గుండెలకి హత్తుకుంది.

"రోడ్డు మీద ఎవరైనా ఎక్కించుకుంటారు. నేను నడిచి వెళ్తాను."

"మరి ఇవి?" సార్జెంట్ పెట్టె చూపించాడు.

"తర్వాత పంపండి."

నడవడం మొదలుపెట్టింది. పది అడుగులు వేసింది. నడక వేగం పెరిగింది.

సార్జెంట్ పెట్టె వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు.

"డాక్టర్ గారూ, ఇవి లేకుండా విమానం ఎక్కనన్నారు కదా. ఆ సంచిలో ఏముంది? హెప్సీ చెప్పిన ఆ ఐదేనా?"

మార్గో వెనక్కి తిరగలేదు. పరుగందుకుంది.

సార్జెంట్ ఆమె వెనకే పరుగెత్తాడు.